అన్న ఒక్కడికే పెట్టని మాట

సమ్మె వల్ల కాలేజీలు మూసేశారు. మా చిన్నబిడ్డ మేడమీద కూర్చుని ఏదో ప్రవేశ పరీక్ష కోసం ఇంగ్లీషు మాటలు గట్టిగా చదువుతోంది. అంతుపట్టని మనుషులను, అర్థంకాని సంగతులను చెప్పే మాటలన్నీ ఒకే పేజీలో వేశారట. మిస్టీరియస్, ఎనిగ్మా, క్రిప్టిక్, ఇన్‌స్క్రూటబుల్ అని చదువుకుంటూ పోయి, చివరికి విసుక్కుంది.

"అన్నీ ఒక్కటే బాపూ. అర్థంగానిది అంటే అయిపాయె. గిన్ని మాటలు ఎందుకు?"

"ఒక్కటెట్లయితయి బిడ్డా? క్రిప్టిక్ మాటకు పెడతరు. ఇన్‌స్క్రూటబుల్ మొఖానికి పెడతరు. ఎనిగ్మా అంటే మొత్తం మనిషే. ఎన్నిసార్లు కూడినా లెక్క కుదరని మనిషి" అన్నాను.

బిడ్డ పుస్తకం మూసి నావైపు చూసింది. నేను మెట్రిక్ దాటని మనిషిని. సిరిసిల్లలో సాంచెల, అంటే మరమగ్గాల, యజమానులకు పడుగు లెక్కలు, నూలు లెక్కలు కట్టిపెట్టి బతుకుతున్నాను. ఆ లెక్కలు కూడా ఎవరూ కూర్చోబెట్టి నేర్పినవి కావు.

"నీకివి ఎవలు నేర్పిన్రు బాపూ?"

"మీ పెద్దబాపు."

"జగిత్యాల పెద్దబాపునా? మరి ఆయన మనింటికి ఎన్నడు రాడేంది?"

కింద ఎవరో పిలిచినట్టు దిగి వచ్చేశాను. ఎవరూ పిలవలేదు. బిడ్డకు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నాకు సరిగ్గా గుర్తున్నంత వరకే రాస్తాను. గుర్తులేని చోట గుర్తులేదనే రాస్తాను.

మొదటిసారి తెలంగాణ కొట్లాట నడిచిన ఏడాది అది. నేను మెట్రిక్ చదువుతున్నాను. బడి తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. మా వాడలో ప్రతి ఇంట్లో గుంట మగ్గం ఉండేది. తెల్లవారక ముందే పడుగును వీధి పొడుగునా చాచి గంజి పెట్టేవారు. పులిసిన గంజి వాసన, తడినూలు వాసన, మధ్యలో ఎవరింట్లోనో సర్వపిండి కాలుతున్న వాసన కలిసి వచ్చేవి. ఇప్పుడు ఆ వీధిలో గంజి పెట్టేవారు లేరు, పడుగు చాచేంత వీధీ లేదు.

అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. అన్న మా అవ్వ చెల్లెలి కొడుకు. వాళ్లది జగిత్యాల. పీయూసీ చదివేవాడు. ఆ రోజుల్లో మా బంధువులందరిలో కాలేజీ మెట్లెక్కింది ఆయన ఒక్కడే. జగిత్యాలలో ఊరేగింపుల్లో ముందు నడిచాడనీ, పోలీసులు వెతుకుతున్నారనీ చెప్పి ఆయన తల్లి, మా చిన్నవ్వ, ఆయనను మా ఇంటికి పంపింది. చలికాలం పోతుండగా వచ్చాడు. ఒక ట్రంకు పెట్టె, అందులో రెండు జతల బట్టలు, పెట్టెనిండా పుస్తకాలు. వచ్చిన రోజే మా బాపు కొత్తగా నేసిన తువ్వాల తీసి ఆయన భుజం మీద వేశాడు. అవ్వ కోడిగుడ్డు ఉడికించి ఆయన పళ్లెంలో పెట్టింది. నా పళ్లెంలో జొన్నగటక, పచ్చిపులుసు. నాకు కోపం రాలేదు. ఆయన పక్కన కూర్చుని తినడమే నాకు గుడ్డు తిన్నంత పని.

పొద్దంతా అవ్వ రాట్నం మీద కండెలు చుట్టేది. పక్కనే అరుగు మీద అన్న, ఆయన చుట్టూ మేం వాడ పిల్లలం. ఇంగ్లీషు రాకపోతే సర్కారు నౌకరీలు మనకు రావనీ, మన కొలువులు వేరేవాళ్లు ఎత్తుకుపోతారనీ చెప్పేవాడు. నౌకరీల సంగతి మాకు అంతగా ఎక్కలేదు గానీ మాటలు ఎక్కాయి. అంతుపట్టని మనుషులకు ఇంగ్లీషులో ఒక్కొక్కరికి ఒక్కో మాట ఉందని ఆయన చెప్పగానే మాకు ఆట దొరికింది. వాడలో ఎవరికి ఏ మాట సరిపోతుందో చూసి తగిలించడం.

ఒకరోజు అవ్వే అడిగింది.

"మరి నాకేం మాట పెట్టిన్రు కొడుకా?"

"పెద్దవ్వా, నీ మొఖం జూస్తే నవ్వుతున్నవో తిడుతున్నవో ఎవలకూ తెల్వది. నిన్ను ఇన్‌స్క్రూటబుల్ అంటరు."

"అబ్బో, గంత పొడుగు మాటనా? ఉప్పుకు వస్తదా, పప్పుకు వస్తదా?" అంటూ అవ్వ రాట్నం తిప్పింది. ముఖం నిజంగానే మారలేదు. మేం పడి పడి నవ్వాం.

మాటలన్నింటిలోకీ మాకు బాగా పనికొచ్చింది క్రిప్టిక్. అది సాయెబు తాతకు పెట్టాం. ఆయన గిన్నెలకు కళాయి పూసేవాడు. మా వాడ పీర్ల కొట్టానికి ముజావరు కూడా ఆయనే, అంటే పీర్లను కనిపెట్టుకుని ఉండే మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. రెండింటిలోనూ పొదుపే. వాన వస్తుందా తాతా అంటే, "కుండను అడుగు" అనేవాడు. వాన పట్టే ముందు నీళ్ల కుండ బయట చెమ్మ పడుతుందని ఆయన ఉద్దేశం. అన్న దానికి చప్పట్లు కొట్టి, "సూసిన్రా, గిదే క్రిప్టిక్ అంటే. మాట శిన్నగుంటది, అర్థం లోపల దాక్కుంటది. తవ్వి తీయాలె" అన్నాడు.

ఇక మేం తవ్వడమే పనిగా పెట్టుకున్నాం. తాత ఎక్కడ నోరు తెరిస్తే అక్కడ చేరేవాళ్లం. ఒకసారి ఆయన కొలిమి ఊదుతూ, "ఇంట్ల ఉప్పు ఒడిసింది" అన్నాడు. మేం ఆయన అరుగు మీదే కూర్చుని చర్చ పెట్టాం. ఉప్పు అంటే విశ్వాసం అన్నాడొకడు. ఇంట్లో విశ్వాసం లేదంటున్నాడు, కొడుకులతో కొట్లాట అయి ఉంటుంది అన్నాడు ఇంకొకడు. ఇంతలో ఆయన భార్య తలుపులోంచి తొంగిచూసి అరిచింది. "అరే పోరగాండ్లూ, ఎప్పటిసంది కూసున్నరు, ఉప్పు తెమ్మంటే వినబడతలేదా?"

అన్నకు మాత్రం మేం ఏ మాటా పెట్టలేదు. అవసరం అనిపించలేదు. అందరిలోకీ ఆయనే మాకు బాగా అర్థమైన మనిషి. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పేవాడు. కోపం వస్తే కనిపించేది. ప్రేమ వస్తే భుజం మీద చెయ్యి వేసేవాడు.

పరీక్షలు దగ్గరపడే సరికి పీర్ల పండుగ వచ్చింది. మా వాడలో అది అందరి పండుగ. పీర్లకు కట్టే దట్టీలు, అంటే ఆ రంగుగుడ్డ పట్టీలు, మా మగ్గాల మీదే నేసేవాళ్లు. ఎరుపు, పచ్చ, మామిడిపండు రంగు. కొట్టం ముందు అలాయి గుండం తవ్వి మొద్దులు పేర్చి మంట వేసేవారు. ఊదు పొగకు కళ్లు మండేవి. రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద పంచుతుంటే మేం ఒకసారి టోపీ పెట్టుకుని, ఇంకోసారి టోపీ తీసి, రెండు వరుసల్లో చెయ్యి చాచేవాళ్లం. సాయెబు తాత గుర్తుపట్టేవాడు. "రెండో నోరు" అనేవాడు, పెట్టేవాడు.

తొమ్మిదోనాడు పొద్దుగూకక ముందు అన్న మమ్మల్ని కొట్టంలోకి తీసుకుపోయాడు. పరీక్షలు బహిష్కరించాలని పిలుపు వచ్చింది. పోలీసుల పహారాలో పెడతామని సర్కారు అంటోంది.

"ఒక్కడు రాసినా అందరం ఓడిపోయినట్టే. కాగితం మీద సంతకం బెడితే చింపుకోవచ్చు. గీడ ఒట్టు బెట్టుకుందం" అన్నాడు.

మొదట తానే ఎర్ర దట్టీ తీసి పీరుకు కట్టాడు. ఈ ఏడు పరీక్ష రాయనని గట్టిగా చెప్పాడు. తరువాత నేను కట్టాను. నా తరువాత మిగిలినవాళ్లు. మా వాడలో దట్టీ కట్టి మొక్కితే మాట తప్పరు. తప్పక తప్పనప్పుడు ఒక దారి ఉంది. ముజావరు దగ్గరికి పోయి, చక్కెర, కుడుక అంటే ఎండుకొబ్బరి పెట్టి, నా వల్ల కాలేదని ఒప్పుకుంటే ఆయన దట్టీ విప్పి చేతికిస్తాడు. ఎవరు విప్పుకున్నారో ముజావరు ఎవరికీ చెప్పకూడదు. అది ఆ కొట్టం మర్యాద. ఆ దారి గురించి మేం ఆ రోజు ఆలోచించలేదు. పీర్లు లేచినప్పుడు డప్పుల మోతకు నా గుండె కూడా లేచిన సంగతే గుర్తుంది.

పండుగ అయిన కొద్దిరోజులకు అన్న బొంబాయి పోతున్నానన్నాడు. అక్కడి మిల్లుల్లో మా వైపు వాళ్లు చాలామంది ఉన్నారు, ఉద్యమానికి వాళ్ల మద్దతు కూడగట్టాలన్నాడు. అవ్వ దారిలో తినడానికి సకినాలు మూట కట్టింది. చిన్నవ్వ కూడా జగిత్యాల నుంచి వచ్చి రెండురోజులు ఉండి, కొడుకు బొంబాయి పోతున్నాడని కళ్లు తుడుచుకుంది. నా భుజం మీద చెయ్యి వేసి అన్న చెప్పిన మాట ఇది.

"నేను లేనప్పుడు వీళ్లందరినీ నువ్వే పట్టి ఉంచాలె తమ్మీ. నీ మీదనే భారం."

పట్టి ఉంచాను. మా హెడ్మాస్టరుగారు కృష్ణా జిల్లా మనిషి. ఆ రోజుల్లో ఆయన వీధిలో నడవడానికే జంకేవాడు. అయినా ఒక మధ్యాహ్నం గొడుగు చాటున మా ఇంటికి వచ్చాడు. బాపు మగ్గంలోంచి లేచి నిలబడ్డాడు.

"మీ వాడు లెక్కల్లో మా బడికే మొదటివాడండీ. ఈ ఒక్క సంవత్సరం పోయిందంటే ఇక చదువు సాగదు. ఇలాంటి ఇళ్లు నేను చాలా చూశాను. నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లి పరీక్షలో కూర్చోబెడతాను."

"పీరుకు దట్టీ కట్టిండు సారూ" అన్నాడు బాపు.

"పీరుకు నేను చెప్పుకుంటానయ్యా. నా మాట పీరు వింటాడు. మీరు వినండి."

బాపు నా ముఖం చూశాడు. నేను రానన్నాను. ఆయన గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు. మమ్మల్ని విడగొట్టడానికే వచ్చాడని పిల్లలందరికీ చెప్పాను. అన్న ఉంటే అదే చెప్పేవాడు.

పరీక్షలు ఇంకా మొదలుకాలేదు. సాయెబు తాత కళాయికి గిన్నెలు అడుగుతూ మా వాకిట్లోకి వచ్చాడు. గిన్నెలు తీసుకుని, పోతూ పోతూ నా దగ్గర ఆగాడు.

"నీ దట్టీ ఇప్పుకుంటవా?"

"వద్దు తాతా."

ఆయన ఒకసారి చుట్టూ చూశాడు. "ఒకడు ఇప్పుకపోయిండు" అన్నాడు. గిన్నెలు భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

నేను పరుగున పోయి ఆ మాట పిల్లలకు చెప్పాను. అరుగు మీద మళ్లీ చర్చ పెట్టాం. ఒకడు అంటే ఎవడు? ప్రాణం, అన్నాడొకడు. ప్రాణం ఒంటిని విప్పుకుని పోతుంది కదా, ఎవరో చనిపోతారు. కాదు, ఎండాకాలం చలిని విప్పుకుపోయింది, అన్నాడు ఇంకొకడు. నేను అందరికన్నా లోతుగా తవ్వాను. ఒకడు అంటే ముఖ్యమంత్రి అనీ, కుర్చీ విప్పుకుని పోబోతున్నాడనీ తేల్చాను. అందరూ ఒప్పుకున్నారు. జీవితంలో ఎన్నడూ అంత తిన్నగా మాట్లాడని మనిషి, ఆ ఒక్కరోజు తన కొట్టం మర్యాద సగం దాటి మరీ నాకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఉప్పు ఒడిసిందంటే ఉప్పు ఒడిసినట్టే. ఆయనకు మేం తగిలించిన మాట నా చెవులకు అడ్డం పడింది.

మా మెట్రిక్ పరీక్షలు అయిపోయాయి. మా వాడలో ఎవరం పోలేదు.

ఆ తరువాత కోరుట్ల అంగడికి బాపు వెంట నేనూ పోయాను. బస్సులు లేవు. తునికాకు బస్తాల లారీ మీద తువ్వాళ్ల మూటలు వేసుకుని కూర్చున్నాం. ఎండిన ఆకు ఘాటుకు దారంతా తుమ్ములే. కోరుట్లలో దిగి నడుస్తుంటే ఒక బడి ముందు పోలీసులు వరుసగా నిలబడి ఉన్నారు. లోపల కాలేజీ పిల్లల పరీక్ష నడుస్తోందని బీడీలు చుట్టే ఒక ముసలమ్మ చెప్పింది. "పాపం, దొంగలోలె పోతున్రు, దొంగలోలె వస్తున్రు" అంది.

గంట కొట్టారు. ముఖాలకు గుడ్డలు కట్టుకుని కొద్దిమంది బయటికి వచ్చారు. అందులో ఒకడు ఎడమకాలు కాస్త ఈడ్చినట్టు నడుస్తున్నాడు. ఆ నడక రెండు నెలలు మా వాకిట్లో తిరిగిన నడక. మెడ నుంచి కళ్ల దాకా చుట్టుకున్నది మా బాపు నేసిన తువ్వాల.

నేను కదలలేదు. బాపే ఎదురుగా పోయి నిలబడ్డాడు.

"ఏంరా కొడుకా, బొంబాయి గిట్లున్నదా?"

అన్న తువ్వాల కిందికి దించాడు. నన్ను చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"మా బాపు ఊకోలేదు పెద్దబాపూ. ఏడు పోతే సీటు పోతదన్నడు. గీడ మా మేనత్త ఇంట్ల ఉండి రాస్తున్న. ఊరు కొత్త గదా, ఎవలు గుర్తువట్టరని."

"మీ అవ్వకు ఎర్కేనా?"

అన్న తల ఊపాడు. చిన్నవ్వ మా ఇంట్లో కూర్చుని కళ్లు తుడుచుకున్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"మరి దట్టీ?" అన్నాను నేను.

"పోయేముందే ఇప్పించుకున్న. పద్ధతి ప్రకారమే, చక్కెర వెట్టి. ఒట్టు తప్పలే తమ్మీ నేను."

"మరి నాది?"

"నీది మెట్రిక్కే గదరా. అచ్చే ఏడు రాసుకుంటవు. దానికేంది?"

ఆ మాట అంటున్నప్పుడు కూడా నా భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పటిలాగే, ప్రేమగానే. బాపు ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. "తువ్వాల కట్టుకో, ఎండున్నది" అని మూటలు ఎత్తుకుని నడిచాడు.

తిరుగు ప్రయాణంలోనూ లారీయే దొరికింది. కథలాపూర్ దాటాక బాపు అడిగాడు.

"నీకు ఇంగ్లీషుల శాన మాటలు నేర్పిండు గద. ఇసుంటోనికి ఏమన్న మాట నేర్పిండా?"

నేను నా దగ్గరున్న మాటలన్నీ ఒకటొకటిగా అన్న మీద పెట్టి చూశాను. ఏదీ అతకలేదు. అవన్నీ అర్థంకానివాళ్లకు. ఆయన నాకు పూర్తిగా అర్థమయ్యాడు, అదే బాధ.

"నేర్పలే బాపూ" అన్నాను.

వచ్చే ఏడు రాసుకుంటానన్నది జరగలేదు. బడి లేక ఊరికే ఉన్నానని, కొద్దినెలల కోసం రెండో మగ్గంలో కూర్చున్నాను. ఆ ఎండాకాలమే బాపుకు దగ్గు పట్టింది. నేత పని చేసే ఇళ్లలో ఆ దగ్గు గురించి వివరం చెప్పక్కరలేదు. ఇంటికి నడిచే మగ్గం నాదొక్కటే అయింది. హెడ్మాస్టరుగారు చెప్పినట్టే జరిగింది. ఆయన బదిలీ అయి పోయేనాడు నేను మగ్గం మీద ఉన్నాను, పోయి కలవలేదు. లెక్కలు మాత్రం వదల్లేదు. నేస్తూ మనసులో కట్టుకునేవాణ్ని. తరువాత చాలా ఏళ్లకు ఒక యజమాని అది గమనించి నా పని మార్చాడు.

అన్న పీయూసీ పాసయ్యాడు, డిగ్రీ చదివాడు, సర్కారు కొలువులో చేరి పెద్ద హోదాలోనే దిగిపోయాడు. పెళ్లిళ్లలో కనిపిస్తే బాగున్నవా అంటే బాగున్న అనుకున్నాం. అంతవరకు నాకు కుదిరిపోయింది. మనిషి భయపడ్డాడు, తండ్రి మాట కాదనలేకపోయాడు అని సర్దిచెప్పుకున్నాను. అంతకన్నా ముందుకు ఆ లెక్క తీయలేదు.

మొన్న దసరా దాటాక జగిత్యాలలో సభ పెట్టారు. మొదటి ఉద్యమంలో పాల్గొన్న పెద్దలకు సన్మానం. మా సాంచెల వాళ్లు కొందరు పోతుంటే నేనూ వెళ్లాను. స్టేజీ మీద అన్న ఉన్నాడు. తల పూర్తిగా నెరిసింది, గొంతు మారలేదు. ఆయన మాట్లాడే వంతు వచ్చింది.

"ఆ ఏడు మేము పరీక్షలు రాయలేదు. పీరు ముందల దట్టీ కట్టి ఒట్టు వెట్టుకున్నం. మా హెడ్మాస్టరు, ఆంధ్ర మనిషే, పాపం మంచోడే, ఎండల గొడుగేసుకుని ఇంటికచ్చి బతిమిలాడిండు. లెక్కల్ల ఫస్టు అస్తవు, సంవత్సరం పాడుజేసుకోకు అన్నడు. రాను సార్ అన్న. చదువు పోతే పోయింది, మాట పోనియ్యలే."

గొడుగు సంగతి కూడా విడిచిపెట్టలేదు. ఆయనకు అదెవరు చెప్పారో నాకు తెలియదు. అవ్వ చెప్పి ఉంటుంది, చిన్నవ్వకు.

జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన ఒక కుర్రవాడు కళ్లు తుడుచుకున్నాడు. శాలువా కప్పారు. అన్న కిందికి దిగి వస్తూ నన్ను చూశాడు. ఒక్క క్షణం ఆగుతాడనుకున్నాను. ఆగలేదు, నేరుగా వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఫోటోలు తీసేవాళ్లవైపు తిరిగి, "వీడు నా తమ్ముడు. అప్పట్ల పోలీసోళ్లకు దొరకకుండ నన్ను వీళ్లింట్లనే దాచిపెట్టి అన్నం పెట్టిన్రు" అన్నాడు.

టీవీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి మైకు నా ముందు పెట్టింది. "సార్, మీరు కూడ అప్పట్ల స్టూడెంటేనా? మీ అనుభవం జెప్పుండ్రి."

అన్న చెయ్యి నా భుజం మీదే ఉంది. బరువు పెంచలేదు, తీయలేదు. నేను నోరు తెరిచాను. దట్టీ, హెడ్మాస్టరుగారు, గొడుగు, పోయిన ఏడాది, నా దగ్గర ఉన్నది అంతే. అది అప్పటికే మైకులో వినిపించేసింది. ఇప్పుడు నేను చెబితే, అన్న కథను నాదిగా చెప్పుకుంటున్నానని ఆ పిల్ల అనుకుంటుంది.

"లేదు బిడ్డా, నేను మగ్గం నేసేటోన్ని" అన్నాను.

ఆమె సరేనని మైకు పక్కవారివైపు తిప్పింది.